బ్రేక్ హోస్ ఉబ్బుతోంది, ట్యూబు చుట్టి నడపొచ్చా?

ఒడిశా కొరాపుట్ జిల్లా సెమిలిగుడ నుంచి అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది. పన్నెండేళ్ల పాత పికప్. ముందు డిస్కు, వెనక డ్రమ్ము, ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) లేదు. కుందులి సంతలో అల్లం, కూరగాయలు ఎత్తి సాలూరు, విజయనగరం దించుతారు. ఎడమ ముందు చక్రం దగ్గర బ్రేక్ హోస్ మీద పగుళ్లు కనిపించాయి. ఎవరైనా పెడల్ తొక్కితే హోస్ ఒకచోట కొంచెం ఉబ్బుతోంది. ఆయిల్ మాత్రం కారడం లేదు. ఊళ్లో మిస్త్రీ ట్యూబు ముక్క చుట్టి రెండు క్లిప్పులు బిగిస్తే ఇంకో ఆరు నెలలు లాగుతుందన్నాడు. ఒక్కటి మారిస్తే సరిపోతుందా, ఇంటి దగ్గరే చేసుకోవచ్చా, అప్పటిదాకా ఘాట్ దిగొచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

చుట్టొద్దు, క్లిప్పులు వేయొద్దు. హోస్ మార్చండి, ముందు రెండు పక్కలవీ ఒకేసారి మార్చండి. మార్చేదాకా లోడుతో ఘాట్ దిగొద్దు. చేతికి స్పానర్ అలవాటున్నవారైతే ఇంటి దగ్గర చేసుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను. ఈ పనిలో హోస్ విప్పడం, బిగించడం చాలా చిన్న భాగం. బుర్ర, ఓపిక రెండూ ఖర్చయ్యేది దాని పైన బ్రాకెట్ (హోస్‌ని బండికి పట్టి ఉంచే ఇనుప ముక్క) దగ్గర, హోస్‌ని ఇనుప బ్రేక్ పైపుతో కలిపే చోట తుప్పు పట్టి కూర్చున్న పైపు నట్టు మీద. అది గుండ్రంగా అరిగిపోయిందంటే వందల్లో అయ్యే పని వేలల్లోకి వెళ్తుంది. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ నట్టు గురించే ఉంటుంది.

నేను జయపురంలో షెడ్డు నడుపుతాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పికప్‌లు, జీపులు, ట్రెక్కర్లు. సగం బండ్లు ఘాట్ ఎక్కి దిగేవే.

ముందు ఆ ఉబ్బు సంగతి చూద్దాం. బ్రేక్ హోస్ అంటే ఒట్టి రబ్బరు పైపు కాదు. లోపల ఆయిల్ నడిచే సన్న రబ్బరు గొట్టం ఉంటుంది. దాని మీద దారంతో అల్లిన పొరలు ఉంటాయి. వాటి మీద ఎండ, వాన, రాళ్ల నుంచి కాపాడే తొడుగు ఉంటుంది. ఒత్తిడి తట్టుకునేది ఆ దారం అల్లిక. మీకు కంటికి కనిపించే పగుళ్లు పై తొడుగువి. అవి మాత్రమే ఉంటే కొంత టైమ్ ఉందని అర్థం. కానీ పెడల్ తొక్కితే ఉబ్బుతోందంటే లోపలి గొట్టం చిట్లి ఆయిల్ పొరల మధ్యకి చేరిందో, అల్లికలో దారాలు తెగాయో, రెండూ జరిగాయో. బయటికి కారడం లేదు కదా అని ధైర్యం తెచ్చుకోకండి. లోపలి గొట్టం చిట్లి ఉంటే ఇప్పుడు ఆయిల్‌ని ఆపుతున్నది ఆ పగిలిన తొడుగు ఒక్కటే.

ట్యూబు చుట్టడం ఎందుకు పనికిరాదో లెక్కలో చెబుతాను. మీ పికప్ టైర్లో గాలి మహా అయితే 60 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఆ సన్న హోస్‌లో ఒత్తిడి 1000 పీఎస్ఐ దాటిపోతుంది. కొత్త సన్న హోస్ 7000 పీఎస్ఐ లోపు పగలకూడదని అమెరికా నియమం. అంత కావాలి కాబట్టే అంత పెట్టారు. ట్యూబు ముక్క అందులో ఏ మూలకి సరిపోతుంది? పైగా అది చేసే కీడు ఇంకోటి ఉంది. ఆయిల్ చెమర్చడం మొదలైతే చుట్టిన ట్యూబు దాన్ని దాచేస్తుంది, మీకు తెలిసేసరికి రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ ఉండే తొట్టి) ఖాళీ అవుతుంది. క్లిప్పు అంచు బ్రేకు తొక్కిన ప్రతిసారీ హోస్‌ని కొరుకుతుంది.

"రెండు లైన్ల బ్రేకు కదా, ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది" అని కొందరు అంటారు. నిజమే, టాండెమ్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని రెండు వేరు లైన్లలోకి నెట్టే సిలిండర్) పెట్టింది అందుకే. కానీ పికప్ తరహా బండ్లలో ఎక్కువగా ముందు చక్రాలు ఒక లైను, వెనక చక్రాలు ఒక లైను. ముందు హోస్ పేలితే రెండు డిస్కులూ ఒకేసారి పోతాయి. మిగిలేవి వెనక డ్రమ్ములు. బండి దిగుడులో ఉన్నప్పుడు బరువంతా ముందుకి వాలుతుంది, ఎక్కువ పని చేయాల్సింది ముందు బ్రేకులే. పొట్టంగి దాటి సుంకి ఘాట్‌లో, అల్లం బస్తాలతో, వెనక డ్రమ్ముల మీద మాత్రమే దిగడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. సాలూరు మైదానం. ఆ ఎత్తంతా దిగేది మీ బ్రేకుల మీదే.

మీ హోస్ ఉబ్బుతోంది కాబట్టి మీకు వేరే పరీక్ష అక్కర్లేదు. కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, హోస్‌ని చేత్తో మెల్లగా వంచి, వంపు పైభాగం టార్చి వేసి చూడండి. వెంట్రుక లాంటి గీతలు మాత్రమే కనిపిస్తే మైదానంలో నడుపుకుంటూ వీలైనంత త్వరగా మార్పించండి. పగులులోంచి దారం కనబడినా, రెండు చివర్లా ఇనుప కప్పు నొక్కిన చోట తడిగా ఉన్నా, ఎక్కడైనా మెత్తబడి పొంగినా, టైరుకో రిమ్ముకో రాసుకుని ఒక పక్క చదునైపోయినా ఆ రోజే మార్చాలి. మా ప్రాంతంలో బ్రాకెట్ చుట్టూ ఎర్రమట్టి పట్టి గట్టిపడుతుంది. కడగకుండా చూస్తే ఏమీ తెలియదు. ముందు నీళ్లు కొట్టి, ఆరనిచ్చి, అప్పుడు చూడండి.

బయటికి ఏమీ కనబడని రోగం ఇంకోటి ఉంది, నా అనుభవంలో ఎక్కువమందిని తిప్పలు పెట్టేది అదే. లోపలి గొట్టం పొర ఊడి వాల్వులా మూసుకుపోవడం. తొక్కినప్పుడు కాలి బలానికి ఆయిల్ క్యాలిపర్‌లోకి, అంటే ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగంలోకి వెళ్తుంది. వదిలినప్పుడు వెనక్కి రాదు. ఆ చక్రం బ్రేకు పట్టుకునే ఉంటుంది. రిమ్ము కాలిపోతుంది, బండి ఒక పక్కకి లాగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. నబరంగపూర్ నుంచి ఒక పికప్ వచ్చింది. అప్పటికే వేరే చోట క్యాలిపర్ కిట్టు మార్చారు, ప్యాడ్లు మార్చారు, చివరికి క్యాలిపరే మార్చారు. ఎడమ చక్రం వేడి తగ్గలేదు. పాత హోస్ విప్పి నోటితో ఊదితే ఒక వైపు నుంచి గాలి పోతోంది, రెండో వైపు నుంచి పోవడం లేదు. (ఊదే ముందు శుభ్రంగా తుడవండి, బ్రేక్ ఆయిల్ నోట్లోకి పోకూడదు.) యజమాని ముఖం చూడాలి. అన్ని వేలు పోసి కొన్నవన్నీ బాగానే ఉన్నాయి, వదిలేసినది ఒక్క హోస్.

ఇలాంటి అనుమానం వస్తే ఒక పద్ధతి ఉంది. చక్రం జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, బ్రేకు తొక్కి వదలండి. చక్రం తిరగకపోతే క్యాలిపర్ బ్లీడర్ నిప్పల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే క్యాలిపర్ మంచిదే, ఒత్తిడి పైన ఎక్కడో ఆగుతోంది. ఎక్కడ అన్నది తేలాలంటే నిప్పల్ బిగించి, మళ్లీ తొక్కి వదిలి, ఈసారి హోస్ పై చివర పైపు నట్టు కొంచెం వదులు చేయండి. అక్కడ వదిలితే చక్రం ఫ్రీ అయిందా, తప్పు హోస్‌ది కాదు, మాస్టర్ సిలిండర్‌దో పెడల్ ఆటదో. అక్కడ వదిలినా చక్రం పట్టుకునే ఉండి, నిప్పల్ దగ్గర వదిలితేనే ఫ్రీ అవుతుంటే హోస్ లోపల మూసుకుపోయింది. నిప్పల్ వదిలినా కదలకపోతే క్యాలిపర్ పిస్టనో, క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులో బిగిసిపోయాయి. ఈ పరీక్ష చేయకుండా క్యాలిపర్ కొనొద్దు.

ఇక రెండు పక్కలవీ ఎందుకంటే, రెండూ ఒకే రోజు బండికి ఎక్కాయి, అవే ఎండలు, అవే వానలు చూశాయి. ఎడమది పోయిందంటే కుడిది కూడా దగ్గర్లోనే ఉంది. పైగా ఒకటి కొత్తది గట్టిగా, ఒకటి పాతది మెత్తగా ఉంటే బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకి వాలే అవకాశం ఉంది. ఎలాగూ ఆయిల్ దింపి, లైన్లో చేరిన గాలి (ఎయిర్) తీయాలి, ఆ పని రెండుసార్లు దేనికి?

కొనేటప్పుడు పాత హోస్ చేతిలో పట్టుకుని వెళ్లండి, కుదరకపోతే ఫోటోలు తీసుకెళ్లండి. పొడవు, రెండు చివర్ల తరహా, మధ్యలో బ్రాకెట్ పట్టే కాలర్ ఉందా లేదా, ఈ మూడూ కలవాలి. పొడవు వేలెడు తక్కువైనా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లాగేస్తుంది. ఎక్కువైతే టైరుకి రాస్తుంది. హోస్ మీద ప్రమాణం ముద్ర ఉందో చూడండి. మన దేశంలో ఐఎస్ 7079, బయటి సరుకు మీద ఎస్ఏఈ జె1401 కనిపిస్తాయి. ఏ ముద్రా లేని నల్ల పైపు ఎంత తక్కువకిచ్చినా వద్దు. మంచి హోస్ అయినా ఒక్కోటి కొన్ని వందల్లోనే వస్తుంది. జయపురంలో దొరుకుతాయి. మీరు ఎలాగూ సాలూరు వెళ్తారు కాబట్టి అక్కడ కూడా చూడొచ్చు, లారీ పని బాగా నడిచే ఊరు, స్పేర్ పార్ట్స్‌కి లోటు లేదు. అయితే లారీల గాలి బ్రేకుల హోస్ వేరు, మీకు పనికిరాదు.

ఇంకో సంగతి మా వైపు ప్రత్యేకం. గనుల పని ఉండటం వల్ల జేసీబీ, పొక్లెయిన్ హోస్‌లు కోసి, చివర్లు నొక్కి ఇచ్చే షాపులు దమన్‌జోడి చుట్టుపక్కల కనిపిస్తాయి. "అంత పెద్ద మిషన్‌కే ఆగుతోంది, నీ పికప్‌కి ఆగదా" అని బ్రేక్ హోస్ కూడా చేసి ఇస్తామంటారు. ఒప్పుకోవద్దు. ఒత్తిడికి ఆగుతుంది, ఆ మాట నిజమే. ఆగనిది రబ్బరు. ఆ హోస్‌ల లోపల మామూలుగా ఉండేది నైట్రైల్ రబ్బరు, మినరల్ ఆయిల్ కోసం చేసింది. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతిది, అందులో నైట్రైల్ ఉబ్బి మెత్తబడుతుంది. బ్రేక్ హోస్ లోపల ఈపీడీఎం అనే రబ్బరు ఉంటుంది. దానికి సరిగ్గా ఉల్టా, మినరల్ ఆయిల్ అంటే పడదు. ఇంజిన్ ఆయిల్, పెట్రోలు, కిరోసిన్ ఏది తగిలినా ఈపీడీఎం ఉబ్బిపోతుంది. కాబట్టి పార్టులు పెట్రోలుతో కడిగే అలవాటు ఈ పని వరకు మానుకోండి.

హోస్‌లతో పాటు కొత్త రాగి వాషర్లు, డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఆయిల్ సీలు తీయని డబ్బా తీసుకోండి. ఏది వాడాలో రిజర్వాయర్ మూత మీద రాసి ఉంటుంది. ఘాట్ బండికి నేను డాట్ 4 వైపే మొగ్గుతాను. కొత్త డాట్ 3 మరిగేది 205 డిగ్రీల దగ్గర, డాట్ 4 అయితే 230. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ ఎక్కాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టుకుని వస్తే లోపల ఆయిల్ మరిగి ఆవిరి కడుతుంది, పెడల్ నేలకి పోతుంది. హోస్ పేలలేదు, ఆయిల్ కారలేదు, అయినా బ్రేకు లేదు. తరవాత బండి చల్లారాక మళ్లీ బ్రేకు వస్తుంది, "ఏమీ లేదు బాబూ, బాగానే ఉంది" అని వెళ్లిపోతారు. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటాం. సగం వాడి అటక మీద పెట్టిన డబ్బా వాడొద్దు. డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు.

ఇప్పుడు పని.

ముందు రోజు సాయంత్రమే బ్రాకెట్ దగ్గర పైపు నట్టు, హోస్ కలిసే చోట వైర్ బ్రష్‌తో తుప్పు, మట్టి రాల్చండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. ఉదయం మళ్లీ కొట్టండి. ఇంకా ఏదీ ఊడదీయలేదు కాబట్టి స్ప్రే లోపలికి పోదు, పని మొదలుపెట్టే ముందు తుడిచేయండి.

బండి చదునైన చోట ఆపి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ముందు లేపి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీని నమ్మి కింద దూరొద్దు. రెండు చక్రాలూ ఊడదీయండి.

రిజర్వాయర్ అంతా కారిపోకుండా ఒక చిట్కా. పెడల్‌ని అంగుళమో అంతకన్నా కొంచెం ఎక్కువో నొక్కి, సీటుకి దానికి మధ్య కర్ర పెట్టి అలా ఆపండి. మాస్టర్ సిలిండర్‌లో రిజర్వాయర్ నుంచి ఆయిల్ దిగే రంధ్రం మూసుకుంటుంది, హోస్ విప్పినా ధార కట్టదు. బ్రేక్ లైటు వెలుగుతూ ఉంటుంది కాబట్టి బ్యాటరీ వైరు తీసేయండి. మూత కింద పాలిథీన్ కాగితం పెట్టే పద్ధతి కూడా ఉంది, రెండిట్లో నాకు కర్ర పద్ధతే నచ్చుతుంది. హోస్‌ని గ్రిప్ ప్లయర్‌తో నొక్కి ఆయిల్ ఆపడం మాత్రం చేయకండి. పాత హోస్‌ని అయితే ఎలాగూ పారేస్తాం, కానీ ఆ అలవాటుతో రేపు మంచి హోస్‌ని కూడా నొక్కేస్తాం.

ఇక ఆ నట్టు. బ్రేక్ పైపు నట్టు మెత్తటి లోహం, చిన్నది, చాలా బండ్లకి 10 నంబరు. మామూలు డబుల్ ఎండ్ స్పానర్ రెండు మూలలనే పట్టుకుంటుంది, తుప్పు నట్టు మీద జారి మూలలు అరగదీస్తుంది. దీనికి ఫ్లేర్ నట్ స్పానర్ అని ఉంటుంది. రింగు స్పానర్‌కి పైపు దూరేంత సందు కోసినట్టు ఉంటుంది, ఎక్కువ మూలలని పట్టుకుంటుంది. ఈ పనికి వేరే ఏ పరికరం కొనకపోయినా ఇది ఒక్కటి కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి.

హోస్ తలని ఇంకో స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, నట్టుని ముందు బిగించే వైపు కొద్దిగా కదిలించండి, తరవాత వదులు వైపు. టక్కుమని వదిలితే అదృష్టం. ఇక్కడ నట్టు మీద కన్నా పైపు మీద కన్ను పెట్టండి. నట్టుతో పాటు ఇనుప పైపు కూడా మెలి తిరుగుతుంటే వెంటనే ఆపండి. ఇంకో అర చుట్టు తిప్పితే పైపు తెగుతుంది. తెగితే మాస్టర్ సిలిండర్ నుంచో, జాయింట్ నుంచో కొత్త పైపు లాగాల్సి వస్తుంది.

అలాంటప్పుడు పనికొచ్చే ఉపాయం చెబుతాను. హోస్ ఎలాగూ పారేసేదే కదా. హోస్‌ని బ్రాకెట్‌కి పట్టి ఉంచే యూ క్లిప్పు లాగేసి, హోస్‌ని బ్లేడుతో కోసేయండి. ఇప్పుడు నట్టుని కదలకుండా పట్టుకుని హోస్ తలని తిప్పండి. కోసేశాం కాబట్టి అది ఎన్ని చుట్లైనా తిరుగుతుంది. నట్టు, పైపు రెండూ ఉన్నచోటే ఉంటాయి, మెలి పడదు. బ్రాకెట్ రంధ్రం గుండ్రంగా ఉన్న బండ్లలో ఇది హాయిగా అవుతుంది. రంధ్రానికి పళ్లో మూలలో ఉంటే ముందు హోస్ తలని బ్రాకెట్ నుంచి బయటికి జరపాలి. నట్టుకి గ్యాస్ మంట పెట్టడం లారీ షెడ్లలో చూసి ఉంటారు, ఇక్కడ వద్దు. బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది, పక్కనే రబ్బర్లు ఉన్నాయి.

అప్పటికీ వదలకపోతే, నట్టు మూలలు పోతే, అక్కడితో ఆపి పైపు చివర విప్పారేలా మలచగలిగిన (ఫ్లేర్ చేయగలిగిన) షెడ్డుకి బండిని లాగించుకోండి. ఆ పరిస్థితిలో నడిపించుకుని వెళ్లొద్దు.

పై చివర వదిలాక క్యాలిపర్ చివర సులువు. కొన్ని బండ్లకి హోస్ చివరే మరతో నేరుగా క్యాలిపర్‌లోకి ఎక్కుతుంది. కొన్నిటికి మధ్యలో రంధ్రం ఉన్న బాంజో బోల్టు, దానికి రెండు పక్కలా రాగి వాషర్లు. బోల్టు తీసినప్పుడు పాత వాషర్ క్యాలిపర్‌కే అతుక్కుని ఉండిపోతుంది, చూడకపోతే దాని మీదే కొత్తది వేసేస్తాం, కారుతుంది. గోరుతో గీరి చూడండి. పాత వాషర్ మళ్లీ వాడొద్దు. రాగి ఒకసారి నలిగి ఆ ముఖానికి సరిపోయింది, రెండోసారి అలా కూర్చోదు.

కొత్తది బిగించే వరస ముఖ్యం. హోస్ మరతో నేరుగా ఎక్కే రకం అయితే ముందు క్యాలిపర్ వైపు బిగించాలి, తరవాత పైన బ్రాకెట్‌లో పెట్టి పైపు నట్టు. తిరగేసి చేస్తే కింద బిగించేటప్పుడు హోస్ మెలి తిరుగుతుంది. మంచి హోస్‌ల మీద పొడవునా ఒక గీత ఉంటుంది, అలంకారానికి కాదు. బిగించాక ఆ గీత తిన్నగా ఉండాలి, తాడులా చుట్టుకుంటే మెలి పడినట్టు. పైపు నట్టుని మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే ఎక్కించండి. చేత్తో ఎక్కడం లేదంటే మర తప్పింది, స్పానర్ పెట్టి బలవంతం చేయొద్దు. యూ క్లిప్పు పూర్తిగా కొట్టండి. వదులుగా ఉంటే కొత్తది వేయండి, అది లేకపోతే హోస్ ఊగుతుంది. బాంజో బోల్టు బోలు బోల్టు, పొడవాటి రాడ్ వేసి బలం చూపిస్తే తెగుతుంది. టార్క్ రెంచ్ ఉంటే మీ బండి మాన్యువల్‌లో ఉన్న లెక్కకి బిగించండి.

కర్ర తీసేసి, చక్రం పెట్టకముందే స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి హోస్ ఎలా కదులుతోందో చూడండి. ఇక్కడితో సరిపోదు. చక్రం గాలిలో వేలాడేటప్పుడు హోస్ ఒకలా ఉంటుంది, బరువు మీద ఇంకోలా ఉంటుంది. చక్రాలు పెట్టి, బండి దించి, మళ్లీ రెండు చివరలకీ తిప్పి చూడండి. ఘాట్ హెయిర్‌పిన్నుల్లో స్టీరింగ్ చివరిదాకా తిరుగుతుంది, పైగా లోడుకి స్ప్రింగు నొక్కుకుపోయి ఉంటుంది. ఊళ్లో తిరిగినంతకాలం రాసుకోని హోస్ అక్కడ రాసుకుంటుంది.

ఎయిర్ తీయడం మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. నిప్పల్‌కి తెల్ల ట్యూబు తగిలించి, రెండో చివర కొంచెం బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. లోపల ఒకరు పెడల్ మెల్లగా తొక్కి పట్టుకోవాలి, మీరు నిప్పల్ వదిలి, బుడగలు పోయాక బిగించాలి, ఆ తరవాతే ఆయన కాలు తీయాలి. "తొక్కు", "వదులు" అన్న మాటలు గట్టిగా అనుకోండి, ఇక్కడే అందరూ తడబడతారు. రిజర్వాయర్ ఎప్పుడూ ఖాళీ కాకూడదు. ముందు రెండు చక్రాలకీ ఎడమది మొదట, కుడిది తరవాత తీస్తే చాలా బండ్లకి సరిపోతుంది. ఆయిల్ మొత్తం మారుస్తున్నారా, అప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ నుంచి మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. పాత మాస్టర్ సిలిండర్ ఉన్న బండిలో పెడల్ నేలదాకా దబదబా తొక్కొద్దు. సిలిండర్ లోపల రోజూ రబ్బరు వాషర్ తిరగని చోట తుప్పు, మడ్డి ఉంటాయి, అక్కడికి వెళ్లిన వాషర్ గీసుకుపోతుంది, మర్నాటికి పెడల్ దానంతట అదే దిగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టుకుంటే ఆ బాధ లేదు.

వెనక బ్రేకులకి లోడుని బట్టి ఒత్తిడి మార్చే వాల్వు ఉన్న బండ్లలో, వెనక యాక్సిల్ గాలిలో వేలాడుతుంటే ఆ వాల్వు ఆయిల్‌ని సరిగ్గా వదలదు. వెనక ఎయిర్ తీసేటప్పుడు బండి చక్రాల మీదే నిలబడి ఉండాలి. ఏబీఎస్ ఉన్న బండ్లవాళ్లు, రిజర్వాయర్ ఒక్కసారి ఖాళీ చేశారంటే యూనిట్‌లో గాలి చేరుతుంది. దాన్ని తీయడానికి చాలా బండ్లకి స్కానర్ కావాలి.

ఒలికిన ఆయిల్ మీద వెంటనే నీళ్లు పోయండి, రంగు తినేస్తుంది. ప్యాడ్ల మీద, డిస్కు మీద పడితే బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ప్యాడ్ పీల్చుకుందంటే అది మార్చాల్సిందే.

తరవాత ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పైన పట్టుకోండి. పెడల్ మెల్లగా దిగితే ఎక్కడో కారుతోంది. ఇంకొకరు విప్పిన ప్రతి జాయింటు చుట్టూ తెల్ల కాగితం తుడిచి చూడాలి, చుక్క తడి ఉన్నా కాగితం చెబుతుంది. ఖాళీ బండితో చదును రోడ్డు మీద మెల్లగా మొదలుపెట్టి, బ్రేకు నిటారుగా పడుతోందో, ఒక పక్కకి లాగుతోందో చూడండి. మొదటి లోడు దిగే ముందు మళ్లీ ఒకసారి కింద చూసి, ఆయిల్ లెవెల్ చూడండి.

మీరు అడగలేదు కానీ, లీఫ్ స్ప్రింగు పికప్‌లకి వెనక ఛాసిస్ నుంచి యాక్సిల్ మీదకి మధ్యలో ఒకటే హోస్ దిగుతుంది. కింద దూరితే తప్ప కనబడదు కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. రెండు వెనక చక్రాలకీ ఆధారం అదొక్కటే. ముందు రెండూ పన్నెండేళ్లవైతే అది కూడా పన్నెండేళ్లదే. మూడూ ఒకేసారి తెచ్చుకోండి. పని మొదలుపెట్టే ముందు పైపు నట్టుని కడిగి దగ్గరగా ఫోటో తీసి పెట్టండి, మూలలు ఎంత మిగిలాయో చూసి ఇంటి దగ్గర చేయొచ్చో షెడ్డుకి తీసుకురావాలో చెబుతాను.